ఇంటిపై మరో ఇల్లు: పై పోర్షన్ వేసే ముందు తేల్చుకోవలసిన మూడు ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఏ పాత కాలనీలోకి వెళ్లినా డాబాల మీద పిల్లర్ల నుంచి పైకి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు కనిపిస్తాయి. ఇల్లు కట్టిన నాడు చేతిలో ఉన్న సొమ్ముతో కింది అంతస్తు పూర్తి చేసి, పిల్లలు పెద్దయ్యాక పైన మరొకటి వేయవచ్చునన్న ఆశతో వదిలిన చువ్వలు అవి. కుమారుని వివాహం, పదవీ విరమణ అనంతరం అద్దె రూపంలో కొంత ఆదాయం, వృద్ధులైన తల్లిదండ్రులను దగ్గర ఉంచుకోవలసిన అవసరం వంటి కారణాలతో ఆ ఆశ ఒకనాడు పనిలోకి దిగుతుంది. అప్పటికి పదిహేను, ఇరవై ఏళ్లు గడిచి ఉంటాయి.

ఒకే కుటుంబం కోసం కట్టిన ఇంటి స్థలంలో వంటగది, స్నానాల గది, వేరే ద్వారం గల రెండో నివాసాన్ని నిర్మించడం ప్రపంచమంతటా ఉన్నదే. శ్రీలంకలో దీనిని అనెక్స్ అని, ఆస్ట్రేలియాలో గ్రానీ ఫ్లాట్ అని పిలుస్తారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని కాలిఫోర్నియాలో పెరట్లో చిన్న ఇల్లు కట్టుకునే హక్కును 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టాలు బాగా విస్తరించాయి. స్థలం విశాలంగా ఉన్న ఆ దేశాల్లో రెండో ఇల్లు పక్కకు విస్తరిస్తే, రెండు మూడు వందల గజాల స్థలాలే ఎక్కువగా ఉన్న తెలుగు పట్టణాల్లో అది పైకి లేస్తుంది. పక్కన కట్టిన ఇల్లు తన బరువును తానే మోసుకుంటుంది. పైన కట్టిన ఇంటి బరువును మాత్రం కింది ఇల్లే మోయాలి. అందువల్ల ఇక్కడ మూడు ప్రశ్నలకు వరుసగా జవాబు దొరకాలి. కింది కట్టడం ఆ బరువును మోయగలదా? భవన నియమాలు అందుకు అంగీకరిస్తాయా? కట్టిన తరువాత ఆ అంతస్తు ఎవరిది? చాలా ఇళ్లలో ఈ ప్రశ్నలు ఉదయించేసరికే మేస్త్రీకి బయానా ఇవ్వడం జరిగిపోతుంది.

బరువు ఎంత?

వెయ్యి చదరపు అడుగుల అంతస్తును ఉదాహరణగా తీసుకోవచ్చు. అది సుమారు 93 చదరపు మీటర్లు. ఒక ఘనపు మీటరు ఉక్కు కాంక్రీటు బరువు సుమారు 2,500 కిలోలు. అంటే 5 అంగుళాల మందం గల శ్లాబు ఒక్కటే 29 టన్నుల వరకు తూగుతుంది. తొమ్మిది అంగుళాల మందంతో, మూడు మీటర్ల ఎత్తున లేపిన ఇటుక గోడ ప్రతి మీటరు పొడవుకూ సుమారు 1,300 కిలోలు ఉంటుంది. దూలాలు, పిల్లర్లు, టైల్స్, ప్లాస్టరింగు, నీళ్ల ట్యాంకు, మనుషులు, సామాను కలిపితే మొత్తం వంద టన్నులు దాటుతుంది. ఆ బరువంతా కింది పిల్లర్ల గుండా పునాదికి, పునాది నుంచి నేలకు చేరాలి.

డాబాకు, నివాసపు అంతస్తుకు లెక్కలోనే తేడా ఉన్నది. భారతీయ ప్రమాణాల ప్రకారం మనుషులు ఎక్కే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల వినియోగ భారాన్ని, నివాస గదులకు సుమారు 200 కిలోల భారాన్ని పరిగణిస్తారు. గోడల బరువు దీనికి అదనం. కేవలం పైకప్పుగా వేసిన శ్లాబు మీద, కింద దూలం లేని చోట ఇటుక గోడ లేపితే శ్లాబు కిందికి వంగి పగుళ్లిచ్చే ప్రమాదం ఉంటుంది. పై గదుల గోడలు వీలైనంతవరకు కింది గోడలకో, దూలాలకో సరిగ్గా మీదుగా రావాలని ఇంజనీర్లు పట్టుబట్టేది ఇందుకే.

చువ్వలు ఉన్నంత మాత్రాన పునాది ఉన్నట్లు కాదు

పిల్లర్ల చువ్వలు పైకి వదిలి ఉంటే పై అంతస్తుకు సరిపడా పునాది వేసి ఉంటారని చాలామంది భావిస్తారు. ఈ నమ్మకానికి ఆధారం లేదు. చువ్వలు వదలడానికి అయ్యే ఖర్చు స్వల్పం. పునాది గుంతను వెడల్పు చేయడానికి, పిల్లరు కొలత పెంచడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. మొదటిది చేసి రెండోది చేయని ఇళ్లు అనేకం. కట్టిన నాటి స్ట్రక్చరల్ డ్రాయింగు ఉంటే సంగతి వెంటనే తేలుతుంది. అది లేనప్పుడు ఒకటి రెండు పిల్లర్ల పక్కన తవ్వించి పునాది లోతును, వెడల్పును కొలిచి చూడటం తప్ప మరో మార్గం లేదు.

ఆ చువ్వల స్థితిని కూడా చూడాలి. ఏళ్ల తరబడి ఎండకు, వానకు గురైన చువ్వ తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడిపోతుంది. కొత్త చువ్వను పాతదానితో జోడించేటప్పుడు, ఒకదాని పక్కన మరొకటి ఉండవలసిన పొడవు చువ్వ మందానికి సుమారు 50 రెట్లు ఉండాలి. 12 మిల్లీమీటర్ల చువ్వకు ఇది రెండు అడుగులు. డాబా మీద మిగిలిన చువ్వ అడుగు మాత్రమే ఉంటే ఆ జోడింపు చాలదు. అటువంటప్పుడు పాత పిల్లరులోకి రంధ్రం వేసి, రసాయన జిగురుతో కొత్త చువ్వను బిగించే పద్ధతి ఉన్నది. అయితే అది ఇంజనీరు లెక్కగట్టి, దగ్గరుండి చేయించవలసిన పని.

కాంక్రీటు నాణ్యతను పగలగొట్టకుండానే పరీక్షించే సాధనాలు ఉన్నాయి. రీబౌండ్ హ్యామర్ పరీక్ష ఉపరితలపు గట్టిదనాన్ని, అల్ట్రాసోనిక్ పరీక్ష లోపలి బోలుతనాన్ని, పగుళ్లను పట్టి చూపుతాయి. అవసరమైతే చిన్న గొట్టం ఆకారంలో కాంక్రీటు ముక్కను కోసి ప్రయోగశాలలో బలాన్ని కొలుస్తారు. పిల్లరు బలహీనమని తేలితే దాని చుట్టూ అదనపు ఉక్కు, కాంక్రీటు తొడుగు వేసి బలపరచవచ్చు. ఆ తొడుగు పునాది నుంచే మొదలు కావాలి. నేలమట్టం పైన మాత్రమే వేసిన తొడుగు వల్ల ప్రయోజనం స్వల్పం.

నేల, భూకంపం, నీరు

ఒకే కొలత గల పునాది అన్ని ఊళ్లలో ఒకే బరువును మోయదు. హైదరాబాద్‌లో చాలా చోట్ల కొద్ది లోతులోనే గట్టి రాతిపొర తగులుతుంది. నల్లరేగడి నేలలు ఇందుకు భిన్నం. వానాకాలంలో అవి నీరు పీల్చి ఉబ్బుతాయి, వేసవిలో నెర్రెలు విచ్చి కుంచించుకుపోతాయి. అటువంటి నేలలో వేసిన పాత ఇంటి గోడల మీద ఇప్పటికే ఏటవాలు పగుళ్లు ఉంటే, ఆ ఇల్లు అదనపు బరువుకు సిద్ధంగా లేదని భావించి ముందు నేల పరీక్ష చేయించాలి.

2016 నాటి భారతీయ ప్రమాణంలో హైదరాబాద్ రెండో భూకంప మండలంలో, విజయవాడ మూడో మండలంలో ఉన్నాయి. మూడో మండలం నుంచి వర్తించే భూకంప నిరోధక ప్రమాణాల ప్రకారం పిల్లరు కనీస కొలత 300 మిల్లీమీటర్లు, అంటే సుమారు 12 అంగుళాలు. గోడ మందంలో ఇమిడిపోవాలని వేసిన తొమ్మిది అంగుళాల పిల్లర్లు గల పాత ఇళ్లు ఈ కొలతకు తక్కువగానే ఉంటాయి. ఎత్తు పెరిగే కొద్దీ భూకంప సమయంలో కట్టడంపై పడే అడ్డపు ఒత్తిడి కూడా పెరుగుతుంది.

అసలు పిల్లర్లే లేకుండా రాతి గోడల మీద, ఇటుక గోడల మీద కప్పు వేసిన ఇళ్ల సంగతి వేరు. బండల కప్పు, మట్టి మిద్దె, మద్రాసు టెర్రస్ వంటి పైకప్పులు రెండో నివాసాన్ని మోయడానికి ఉద్దేశించినవి కావు.

ఈ జాగ్రత్తలను కాదన్నప్పుడు ఏమి జరిగిందో ఇటీవలి చరిత్రలో నమోదై ఉన్నది. 2010 నవంబరు 15న ఢిల్లీలోని లలితా పార్కులో నివాస భవనం కూలి 60 మందికి పైగా మరణించారు. అనుమతికి మించిన అంతస్తులు, అడుగున చేరిన నీరు ఆ సందర్భంగా చర్చకు వచ్చాయి. 2025 మార్చి 26న భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పాత కట్టడంపైనే కొత్త అంతస్తులు లేపిన విషయం అప్పుడు వెలుగులోకి వచ్చింది.

మోయలేదని తేలితే

పునాది సరిపోదని తేలినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. ఇటుకకు బదులు తేలికపాటి ఏఏసీ దిమ్మెలు వాడితే గోడల బరువు సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. డాబాపై ఎప్పుడో వేసిన సున్నపు పొరను తొలగిస్తే మరికొంత భారం దిగుతుంది. కింది ఇంటి గోడల వెలుపల నేల నుంచే కొత్త పిల్లర్లు లేపి, పై అంతస్తు బరువును వాటి మీదికి మళ్లించడం మరో పద్ధతి. అయితే ఆ పిల్లర్లు చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలంలోకి వస్తాయి కనుక అనుమతి సమస్య తలెత్తుతుంది.

ఇనుప చట్రంపై రేకులు వేసిన గది తేలికైనదే గాని గాలికి లోబడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను సరిగా బిగించని రేకుల కప్పులు ఎంత ప్రమాదకరమో చూపింది. కోస్తా జిల్లాల్లో ఇటువంటి గదికి గాలి ఒత్తిడి లెక్క తప్పనిసరి. రేకుల గది కట్టడం కాదు, కనుక అనుమతి అక్కరలేదన్న అభిప్రాయం కూడా సరైనది కాదు. వంట, నిద్ర సాగే స్థిర నిర్మాణం ఏదైనా నియమాల పరిధిలోకి వస్తుంది.

చట్టం ఏమంటుంది?

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇళ్ల అనుమతులను మూడు తరగతులుగా విభజించింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా, అంటే కింది అంతస్తు, దానిపై మరొకటి వరకు కట్టే ఇంటికి అనుమతి అవసరం లేదు. ఒక్క రూపాయి రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు గల ఏక గవాక్ష విధానం వర్తిస్తుంది. ఇచ్చిన స్వీయ ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారం కూడా ఈ చట్టంలోనే ఉన్నది. అంటే అధికారి ముందుగా చేయవలసిన పరిశీలన బాధ్యత చాలా వరకు యజమాని మీదికి వచ్చింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం బిల్డ్‌నౌ పేరుతో కొత్త ఆన్‌లైన్ వేదికను ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నియమాలు, వాటికి తరువాత వచ్చిన సవరణలు వర్తిస్తాయి.

పై అంతస్తు విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉన్నది. ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం విస్తీర్ణంపైనే గాక ఇంటి ఎత్తుపై కూడా ఆధారపడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడి తెలంగాణలో కొనసాగుతున్న 168వ నంబరు ఉత్తర్వు ప్రకారం, 200 నుంచి 300 చదరపు మీటర్ల స్థలంలో ఎత్తు 7 మీటర్ల లోపు ఉంటే పక్కల, వెనుక ఒక మీటరు చొప్పున వదలాలి. ఎత్తు 10 మీటర్లకు చేరితే అదే ఖాళీ మీటరున్నర కావాలి. కింది గోడలు ఇప్పటికే మీటరు దూరంలో లేచి ఉన్నాయి. వాటిని వెనక్కు జరపడం సాధ్యం కాదు. కనుక అప్పటికే ఒక పై అంతస్తు ఉన్న ఇంటిమీద మరొకటి వేయాలనుకునే వారికి ఈ అర మీటరే అడ్డంకిగా నిలుస్తుంది. పెంట్‌హౌస్ పేరుతో డాబాపై కట్టే గదుల్లో అధిక భాగం అనుమతి లేనివిగా మిగలడానికి ఇది ఒక కారణం.

అనుమతి లేకుండా కట్టి, ఆస్తిపన్ను చెల్లిస్తే సరిపోతుందన్న భావన బలంగా ఉన్నది. అనుమతిలేని నిర్మాణంపై పన్నుతో పాటు జరిమానా కూడా పడుతుంది. అయినా ఆ చెల్లింపు నిర్మాణాన్ని సక్రమం చేయదు. ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్రమబద్ధీకరణ పథకాలు ప్రకటించిన మాట నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో, తెలంగాణలో 2015లో అటువంటివి వచ్చాయి. 2015 నాటి పథకం హైకోర్టు విచారణలో చిక్కుకుని దరఖాస్తుదారులు ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చింది.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కీలకమైనది. ఎంత కాలం గడిచినా, ఎంత సొమ్ము వెచ్చించినా, అధికారులు చూసీచూడనట్లు ఊరుకున్నా అక్రమ నిర్మాణం సక్రమం కాదని న్యాయస్థానం స్పష్టం చేసింది. పూర్తయిన భవనానికి ధ్రువపత్రం చూసిన తరువాతనే నీరు, విద్యుత్తు కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ పత్రాలను పరిశీలించిన తరువాతనే రుణం మంజూరు చేయాలని ఆదేశించింది. పై పోర్షన్‌కు రుణం, వేరే మీటరు ఆశించే కుటుంబానికి ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది.

నివాసంగా పనికిరావాలంటే

జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఒకే నివాస గది ఉంటే అది కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు ఉండాలి. వంటగది కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలి. నీటి వినియోగాన్ని మనిషికి రోజుకు 135 లీటర్లుగా లెక్కిస్తే నలుగురి కుటుంబానికి 540 లీటర్లు అదనంగా కావాలి. సంపు, బోరు, సెప్టిక్ ట్యాంకు ఆ అదనపు భారానికి సరిపోతాయో లేదో చూడాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీరే ఒక టన్ను బరువు కనుక దానిని పిల్లర్ల మీదనే నిలపాలి.

పై స్నానాల గది కింది స్నానాల గదికి సరిగ్గా మీదుగా వస్తే గొట్టాల పని సులువవుతుంది, నీరు కారినా పడకగదిలోనో పూజగదిలోనో పడదు. మెట్లు ఇంటి వెలుపల ఉంటే అద్దెకు ఇవ్వడానికి అనువుగా ఉంటుంది. తల్లిదండ్రుల కోసమే రెండో నివాసమైతే వారికి కింది భాగం కేటాయించి, పిల్లలు పైకి మారడం మేలు. మోకాళ్ల నొప్పులు గల వారికి పద్దెనిమిది మెట్లు పై అంతస్తును ఏకాంతవాసంగా మార్చగలవు.

విద్యుత్ మీటరు వేరుగా ఉండటం కూడా ముఖ్యం. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరిగే విధానంలో రెండు కుటుంబాలు ఒకే మీటరు వాడితే ఇద్దరికీ నష్టమే. తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం అద్దెదారులకూ వర్తిస్తుంది. ఉమ్మడి మీటరు ఉన్న చోట ఆ ప్రయోజనం చేజారవచ్చు.

ఆ అంతస్తు ఎవరిది?

ఇల్లు తండ్రి పేరున ఉంటుంది. పై అంతస్తుకు సొమ్ము కుమారుడు పెడతాడు. ఇద్దరి మధ్య పత్రం ఏదీ ఉండదు. తెలుగు కుటుంబాల్లో ఇది సాధారణంగా కనిపించే ఏర్పాటు. సొమ్ము పెట్టినంత మాత్రాన కుమారునికి ఆ అంతస్తుపై యాజమాన్య హక్కు రాదు. తండ్రి వీలునామా లేకుండా మరణిస్తే ఆయన స్వార్జిత ఆస్తి తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే కుమార్తెలకు పుట్టుకతోనే హక్కు ఉన్నది. అవివాహితలైన కుమార్తెలకు ఈ హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణ చట్టంతోనే కల్పించింది. దేశమంతటా ఈ హక్కు 2005లో వచ్చింది. అప్పు తెచ్చి పై అంతస్తు కట్టిన అన్నకు, అందులో వాటా అడిగే చెల్లెలికి ఇద్దరికీ తమ వైపు న్యాయం ఉన్నట్లే తోస్తుంది. పత్రం లేనప్పుడు వివాదం న్యాయస్థానానికి చేరుతుంది.

దీనికి మందు ముందే రాసుకోవడం. తండ్రి తన స్వార్జితమైన ఇంటిలోని పై అంతస్తును కుమారునికో కుమార్తెకో ఇవ్వదలిస్తే, దానితో పాటు భూమిలో విడదీయని వాటా ఎంతో పేర్కొంటూ రిజిస్టరు చేయించాలి. మెట్లు, డాబా, బోరు, సంపు, వాహనం నిలిపే చోటు ఎవరెవరు వాడుకోవాలో, భవిష్యత్తులో డాబాపై కట్టే హక్కు ఎవరిదో అందులోనే రాయాలి. ఆస్తిని జీవితకాలంలోనే బదిలీ చేసే తల్లిదండ్రులు తమ పోషణ బాధ్యతను ఆ పత్రంలో షరతుగా చేర్చుకోవడం అవసరం. ఆ షరతు ఉల్లంఘనకు గురైతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద బదిలీని రద్దు చేయించుకోవచ్చు. సొమ్ము మాత్రమే పెట్టి హక్కు కోరని పక్షంలో, ఆ సొమ్ము కానుకా, అప్పా అన్నది కాగితంపై ఉంటే తోబుట్టువుల మధ్య సందేహం ఉండదు.

అద్దెకు ఇచ్చేటప్పుడు ఏడాదికి మించిన ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. 11 నెలల ఒప్పందాల ఆచారం ఇందువల్లనే వచ్చింది. వచ్చే అద్దెను ఆదాయపు పన్ను లెక్కలో చూపాలి. చెల్లించిన ఆస్తిపన్నును మినహాయించిన తరువాత, మిగిలిన దానిలో 30 శాతం మరమ్మతుల వంటి వాటి కోసం ప్రామాణిక తగ్గింపుగా లభిస్తుంది.

పని వరుస

మొదట స్ట్రక్చరల్ ఇంజనీరు పరిశీలన, లిఖితపూర్వక నివేదిక. తరువాత కుటుంబ సభ్యులందరి సమక్షంలో హక్కుల నిర్ణయం. ఆ పిదప ప్లాను, అనుమతి. అటు తరువాతనే మేస్త్రీతో ఒప్పందం. పని సాగుతున్నంత కాలం కింద మనుషులు నివసించేటట్లయితే, కొత్త శ్లాబు సెంట్రింగు బరువు పాత శ్లాబు మీద పడకుండా కింది గదుల్లోనూ ఊతకర్రలు నిలపవలసి రావచ్చు. పూర్తయిన పిమ్మట నివాసయోగ్యతా ధ్రువపత్రం తీసుకుని, ఇంజనీరు నివేదికను, డ్రాయింగులను ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచాలి. మరో ఇరవై ఏళ్లకు ఆ ఇంటిని మార్చదలచిన వారికి పునాది ఎంత బరువుకు వేసినదో ఆ కాగితాలే చెప్పగలవు.